అడవి ఊపిరి లెక్క తప్పితే...

చెట్లు పగలు కార్బన్ డయాక్సైడును పీల్చుకుంటాయనీ, రాత్రిళ్లు వదులుతాయనీ మనమంతా చిన్నప్పుడు బళ్లో చదువుకున్నదే. సరే, ఒక్క చెట్టు సంగతి అలా ఉంచండి. ఒక అడవి అడవంతా రోజుకి ఎంత పీల్చింది, ఎంత వదిలింది? ఎవరైనా లెక్కపెట్టగలరా?

లెక్కపెడుతున్నారు! అడవి మధ్యలో చెట్ల కన్నా ఎత్తుగా ఇనుప టవర్ ఒకటి నిలబెట్టి, దాని పైన రెండు పరికరాలు బిగిస్తారు. ఒకటి గాలి ఎటు నుంచి ఎంత వేగంగా వస్తోందో, పైకి లేస్తోందో కిందికి దిగుతోందో చెబుతుంది. రెండోది ఆ గాలిలో కార్బన్ డయాక్సైడు ఎంతుందో, నీటి ఆవిరి ఎంతుందో చెబుతుంది. దీన్నే గ్యాస్ ఎనలైజర్ అంటారు. రెండూ సెకనుకి పదిసార్లు కొలుస్తాయి. పైకి పోయే గాలిలో కార్బన్ డయాక్సైడు ఎక్కువుందా, కిందికి దిగే గాలిలో ఎక్కువుందా అని అరగంటకోసారి లెక్క తేల్చితే అడవి పీల్చుకుంటోందో, వదులుతోందో తెలిసిపోతుంది.

వినడానికి బాగానే ఉంది కదూ! కాని ఆ ఎనలైజరే తప్పు చెబితే? అడవి మంచిదే, గాలి మంచిదే. కంప్యూటర్‌లో పడిన అంకె మాత్రం తప్పు. అది తప్పని ఎలా కనిపెట్టాలి, ఎక్కడ తప్పిందో ఎలా వెతకాలి అన్నదే నా ఉద్యోగం. ఒక పరిశోధన ప్రాజెక్టులో ఫీల్డ్ టెక్నీషియన్‌ని నేను.

కాంతి, నీడ... అంతే!

ముందు ఈ పరికరం ఎలా పనిచేస్తుందో రెండు ముక్కల్లో చెబుతాను. మరేం భయపడకండి, కష్టమేమీ కాదు.

1856లో అమెరికాలో యూనిస్ ఫుట్ అనే ఆవిడ గాజు గొట్టాల్లో రకరకాల వాయువులు నింపి ఎండలో పెట్టి చూశారు. కార్బన్ డయాక్సైడు ఉన్న గొట్టం మిగతా వాటి కన్నా ఎక్కువ వేడెక్కింది, చల్లారడానికీ ఎక్కువసేపు పట్టింది. మూడేళ్ల తర్వాత, 1859లో జాన్ టిండాల్ అనే శాస్త్రవేత్త ఈ వాయువు కంటికి కనబడని పరారుణ కిరణాలను పీల్చుకుంటుందని కొలిచి చూపించారు. ఇవాళ్టి ఎనలైజర్ కూడా ఆ ఆధారం మీదే నడుస్తుంది. కింద ఒక అద్దం, పైన ఒక అద్దం. రెండింటి మధ్య ఎడం జానెడు కూడా ఉండదు. ఆ సందులోంచి గాలి స్వేచ్ఛగా పోతూ ఉంటుంది. ఒకవైపు నుంచి పరారుణ కాంతి వేస్తే, రెండోవైపుకి ఎంత చేరిందో చూస్తారు. ఎంత తగ్గితే గాలిలో అంత కార్బన్ డయాక్సైడు ఉన్నట్టు.

కిటుకంతా ఇక్కడే ఉంది. కాంతి తగ్గడానికి కార్బన్ డయాక్సైడు ఒక్కటే కారణం కానక్కర్లేదు కదా! అద్దం మీద మంచు బొట్టు పడినా తగ్గుతుంది. సాలీడు ఒక్క పోగు అల్లినా తగ్గుతుంది. పిట్ట రెట్ట, పుప్పొడి, దుమ్ము ఏదైనా సరే. కొన్నిటిని పరికరమే గుర్తుపట్టి, ‘నా అద్దం మసకబారింది’ అని ఒక అంకె ద్వారా మనకి చెబుతుంది. కొన్నిటిని అది గుర్తుపట్టలేదు. అలాంటివే మనల్ని ముప్పుతిప్పలు పెడతాయి.

480... ఇదెక్కడి లెక్క?

2024 నవంబరులో మధ్యప్రదేశ్‌లోని సాత్పురా కొండల్లో ఒక టేకు అడవి టవర్ నుంచి మాకు కబురొచ్చింది. ఆ అంకెలతో పీహెచ్‌డీ చేస్తున్న అమ్మాయి ఫోన్ చేసి, “అక్కా, మిట్టమధ్యాహ్నం కూడా 480 చూపిస్తోంది. ఇదేమిటో అర్థం కావడం లేదు” అంది.

480 అంటే పది లక్షల పాళ్ల గాలిలో 480 పాళ్ల కార్బన్ డయాక్సైడు. దీన్ని పీపీఎం అంటారు. హవాయి దీవుల్లోని మౌనా లోవా కొండ మీద చార్లెస్ కీలింగ్ 1958 మార్చిలో కొలవడం మొదలుపెట్టినప్పుడు అక్కడ 313 ఉండేది. 2023లో అక్కడి ఏడాది సగటు 421. రాత్రిపూట గాలి ఆడక అడవిలో అంకె పెరిగిందంటే నమ్మొచ్చు. ఆకులు దట్టంగా ఉండి, ఎండ కాస్తూ, గాలి వీస్తున్న మధ్యాహ్నం పూట చెట్ల పైన 480 అంటే నమ్మడం కష్టం.

ఆ అమ్మాయి ఇంకో రెండు చిక్కులూ చెప్పింది. రోజూ తెల్లవారుజామున కాసేపు అంకెలు పిచ్చిపిచ్చిగా ఎగురుతున్నాయట. కొన్ని రాత్రిళ్లు రెండింటి నుంచి అయిదింటి దాకా అసలు అంకెలే లేవట. థీసిస్ ఇవ్వాల్సిన గడువు దగ్గర పడింది. వానాకాలం నుంచి పోగుచేసిన నెలల లెక్క పనికొస్తుందా, చెత్తబుట్టలో వేయాలా అన్నది తేలాలి.

పానా పట్టేముందు...

ఏదైనా చెడిపోయిందనగానే పానా, స్క్రూడ్రైవర్ పట్టుకుని విప్పేయాలనిపిస్తుంది. ఆగాలి. ముందు కాగితం మీద చూడాలి. ఏ తప్పు ఏ వేళకి వస్తోంది? రోజూ వస్తోందా, అప్పుడప్పుడా? ఒక్కసారిగా మొదలైందా, కొద్దికొద్దిగా పెరుగుతూ వచ్చిందా?

ఇలా చూసేసరికి మూడు చిక్కులూ మూడు దారులు పట్టాయి. తెల్లవారుజామున వచ్చేది మంచు పనిలా ఉంది. ఎండెక్కగానే సర్దుకుంటోంది. రాత్రి రెండింటికి ఆగిపోయేది కరెంటు పని కావచ్చు. అక్కడ సోలార్ పలకలు, బ్యాటరీలే ఆధారం మరి. ఇక మధ్యాహ్నం 480 ఒక్క రోజులో వచ్చింది కాదు. గ్రాఫు గీసి చూస్తే జూలై నుంచి వారం వారం మెల్లగా మెట్లెక్కినట్టు పెరిగింది. మంచూ కాదు, కరెంటూ కాదు. లోపల ఏదో నెమ్మదిగా అయిపోతోందన్నమాట.

మూడింటికీ ఒకటే కారణం అనుకుని వెతికితే ఒక్కటీ దొరకదు. మూడు రోగాలకి ఒకే మాత్ర వేసినట్టుంటుంది.

32 మీటర్ల మెట్లు

దగ్గర్లోని ఊరి నుంచి జీపులో మూడు గంటలు ప్రయాణం. టవర్ 32 మీటర్ల ఎత్తు, అంటే దాదాపు పదంతస్తుల మేడంత. నిచ్చెన ఎక్కాలి. నడుముకీ, తొడలకీ బిగించుకునే బెల్టు, దానికి రెండు కొక్కేలు ఉంటాయి. ఒక కొక్కెం తీసి పైన తగిలించేటప్పుడు రెండోది కడ్డీకి ఉండి తీరాలి. రెండూ ఒక్కసారి తీయకూడదు, ఎంత తొందరైనా సరే. ఉరుము వినబడితే ఎక్కకూడదు, ఎక్కి ఉంటే దిగిపోవాలి. ప్రతి పనిముట్టుకీ తాడు కట్టి మణికట్టుకో బెల్టుకో తగిలించుకోవాలి. పైనుంచి పానా జారితే కింద ఉన్నవాళ్ల ప్రాణం మీదికి వస్తుంది. ఒంటరిగా ఎక్కడం అసలు లేదు, కింద ఒక మనిషి ఉండాల్సిందే.

ఆడవాళ్లకి ఉండే ఇబ్బందులు వేరే. అక్కడ బాత్‌రూమ్ ఉండదు. బెల్టు విప్పి కట్టుకోవడానికే పది నిమిషాలు పడుతుంది. అలాగని నీళ్లు తాగడం మానేస్తే ఎండలో కళ్లు తిరుగుతాయి. చున్నీ, గాజులు, గొలుసు కిందే పెట్టేసి, జడ మడిచి హెల్మెట్‌లో దోపి ఎక్కుతాం. మొదట్లో ‘ఆడమనిషి ఎక్కుతుందా?’ అని చూసినవాళ్లే తర్వాత ‘మేడమ్‌జీ ఎప్పుడొస్తారు?’ అని అడుగుతున్నారు.

తుడవకండి!

పైకి చేరాను. అద్దం మీద సన్నగా దుమ్ము, ఒక మూల సాలీడు పోగు కనిపించాయి. చౌకీదారు కింద నుంచి హిందీలో కేకేశాడు, “మేడమ్‌జీ, తుడిచేస్తే పోదా?” అని.

పోతుంది. కాని తుడిచేస్తే దాంతో పాటు సాక్ష్యం కూడా పోతుంది. అందుకే ముందు ఫోటో తీశాను. పరికరం చెబుతున్న అంకెలన్నీ, అద్దం మసక ఎంతో, లోపలి వేడి ఎంతో నోట్‌బుక్‌లో రాసుకున్నాను. ఆ తర్వాత అసలు పరీక్ష. కార్బన్ డయాక్సైడు అనేదే లేని శుద్ధమైన నైట్రోజన్ సిలిండర్ కింద ఉంది. దాని ట్యూబు పైకి లాగి, అద్దాల మధ్య సందుకి తొడుగు వేసి, మెల్లగా నైట్రోజన్ వదిలాను. అప్పుడు పరికరం సున్నా చూపించాలి. 46 చూపించింది! రెండో సిలిండర్‌లో కచ్చితంగా 450 పీపీఎం ఉన్న గాలి ఉంది. దానికి 511 చూపించింది.

ఈ రెండు అంకెలే బంగారం. సున్నా దగ్గరే 46 ఎక్కువ. అది తీసేస్తే 450 ఉండాల్సిన చోట 465 వస్తోంది, అంటే నూటికి సుమారు మూడు వంతులు ఎక్కువ. ఇప్పుడు మధ్యాహ్నం 480ని తీసుకుని 46 తీసేసి, ఆ మూడు వంతులూ తగ్గిస్తే 420 వస్తుంది. అడవి నిజమే చెప్పింది, మీటరే పెంచి చెప్పింది!

తర్వాత అద్దం తుడిచి, సాలీడు పోగు తీసి మళ్లీ అదే పరీక్ష చేశాను. అంకెలు పెద్దగా మారలేదు. అంటే దుమ్ముది నేరం కాదు. ముందే తుడిచి ఉంటే ఈ సంగతి తేలేదే కాదు.

చీమలు చేసిన పని

రాత్రి కరెంటు సంగతి చూద్దాం. నేల మీద బ్యాటరీ దగ్గర మల్టీమీటర్ పెడితే 12.4 వోల్టులు. భేషుగ్గా ఉందనుకుంటాం. కాని పరికరం ఉన్నది నేల మీద కాదు కదా! పైన, దాని ప్లగ్గు దగ్గరే కొలవాలి. అక్కడ 10.2 మాత్రమే ఉంది. పనిచేయడానికి కనీసం 10.5 కావాలి. తీగ వెంట దిగుతూ వస్తే, టవర్ మధ్యలో ఉన్న జంక్షన్ పెట్టెలో చీమలు పుట్ట పెట్టాయి. ఆ తేమకి రాగి తీగ కొసలు పచ్చగా చిలుం పట్టాయి. అక్కడే రెండు వోల్టులు మింగేస్తోంది. ఎండ బాగా ఉన్నప్పుడు సోలార్ పలకలు ఎక్కువ వోల్టేజీ తోస్తాయి కనుక లోపం బయటపడదు. తెల్లవారుజామున బ్యాటరీ నీరసించినప్పుడు పరికరం ఆరిపోతుంది. కొసలు కత్తిరించి, కొత్త ప్లగ్గు వేసి, పెట్టె కన్నాలు మూసేశాను. పైన 12.1 వచ్చింది.

మంచు సంగతి మాత్రం తప్పు కాదు. తడిసిన అద్దం తడిసినట్టే చెబుతోంది. బొట్టు నిలవకుండా జారిపోవడానికి పరికరాన్ని కొంచెం వాలుగా బిగిస్తారు. ఆ వాలు సరిగ్గా ఉందో లేదో చూసి వదిలేశాను. మంచు పడే ఆ గంటసేపు అంకెల్ని వాడకూడదని గుర్తు పెట్టుకుంటే చాలు.

ఒక రాత్రి ఆగాలి

ఇక లోపల అయిపోతున్నదేమిటి? కాంతిని కొలిచే భాగం మూతవేసిన డబ్బాలో ఉంటుంది. ఆ డబ్బాలో కార్బన్ డయాక్సైడు గాని, తేమ గాని ఉంటే కొలత తప్పుతుంది. అందుకే వాటిని పీల్చేసే మందు పొడులు నింపిన చిన్న సీసా లోపల అమరుస్తారు. ఏడాదికోసారి మార్చాలి. సీసా మీద తేదీ చీటీ లేదు. ఎవరు ఎప్పుడు మార్చారో చెప్పేవాళ్లూ లేరు. మందు పనైపోయిందన్నమాట!

చేతులకి తొడుగులు, కళ్లద్దాలు పెట్టుకుని కొత్త సీసా వేశాను. ఆ పొడుల్లో ఒకటి తడి తగిలినా, నూనె, గుడ్డపేలికలు తగిలినా ప్రమాదం. అందుకే ఆ జాగ్రత్త. అయితే సీసా మార్చగానే పని కాలేదు. లోపలి గాలి శుభ్రపడడానికి గంటలు పడుతుంది. రాత్రంతా వదిలేసి, పొద్దున మళ్లీ సున్నా చూసి అప్పుడు సరిచేయాలి.

పైన మాత్రమే సిగ్నల్ దొరుకుతుంది కనుక అక్కణ్నుంచే సార్‌కి ఫోన్ చేశాను. “చీకటి పడకముందే సున్నా సెట్ చేసి వచ్చెయ్యమ్మా, అడవిలో ఎందుకు?” అన్నారు. ఆయన భయం ఆయనది. “లేదండి సార్, ఇప్పుడు సెట్ చేస్తే రేపటికి మళ్లీ తప్పుతుంది. చౌకీదారు వాళ్లింట్లో ఉంటాను” అన్నాను. కాసేపు మాట్లాడలేదాయన. “సరే, జాగ్రత్త” అన్నారు.

ఆ రాత్రి చౌకీదారు భార్య జొన్నరొట్టె, కందిపప్పు పెట్టింది. పొద్దున నైట్రోజన్ పెడితే 46 ఉన్నది 3కి దిగింది. ఆ మిగిలిన 3 సరిచేసి సున్నా చేశాను. రెండో సిలిండర్ 450కి 450 చూపించింది.

తప్పుని కూడా దాచుకోవాలి

‘బాగుచేసేశావు కదా, కథ అయిపోయింది’ అనుకుంటున్నారా? అసలు కథ ఇప్పుడే. జూలై నుంచి నవంబరు దాకా పోగైన తప్పు అంకెల్ని ఏం చేయాలి?

జూన్‌లో సరిచూసినప్పటి చీటీ ఆఫీసులో ఉంది. నవంబరులో బాగుచేయకముందు తీసిన 46, 511 నా నోట్‌బుక్‌లో ఉన్నాయి. ఈ రెండు కొసలూ ఉన్నాయి కనుకే మధ్య నెలల్ని దిద్దే వీలు దొరికింది. సీసా మార్చేశాక కొలిచి ఉంటే ఆ దారి శాశ్వతంగా మూసుకుపోయేది. అడవి ఎంత పీల్చింది అనే లెక్క సెకను సెకనుకీ వచ్చే హెచ్చుతగ్గుల మీద ఆధారపడుతుంది కనుక, సున్నా తప్పడం వల్ల దానికి అంత నష్టం లేదు. ఆ మూడు వంతుల తేడాని మాత్రం దిద్దాలి. పీపీఎం అంకెల పక్కన ‘దిద్దినవి, జాగ్రత్త’ అని గుర్తు పెట్టాలి. కరెంటు పోయిన గంటల్ని ఖాళీగా వదిలేయాలి. తర్వాత లెక్కగట్టి పూరించినా, ‘ఇది కొలిచింది కాదు, పూరించింది’ అని రాయాలి. థీసిస్‌లో ఆ అమ్మాయి అలాగే రాసింది. ఖాళీలున్నాయని చెప్పుకోవడానికి మొదట మొహమాటపడింది గాని, పరీక్షకులు ఎలాగూ అడిగేది ఆ ఖాళీల గురించేనని తర్వాత తనే అంది.

ఈ పట్టుదల మన దేశానికి నేర్పినవాళ్లలో ఒకరు అన్నా మణి గారు. 1918లో కేరళలోని పీర్‌మేడులో పుట్టి, 1948లో పుణెలో వాతావరణ శాఖలో చేరారు. దిగుమతుల మీద ఆధారపడే రోజుల్లో, సుమారు వంద వాతావరణ పరికరాలను ఇక్కడే తయారు చేసుకునేలా డ్రాయింగులు సిద్ధం చేయించారు. తుంబా రాకెట్ కేంద్రంలో వాతావరణ పరికరాల టవర్ ఏర్పాటు చేసిందీ ఆవిడే. 1976లో డిప్యూటీ డైరెక్టర్ జనరల్‌గా రిటైరయ్యారు, 2001లో కన్నుమూశారు. తప్పు కొలత కన్నా అసలు కొలవకపోవడమే మేలని ఆవిడ నమ్మకం. టవర్ ఎక్కే ప్రతిసారీ నాకు ఆ మాట గుర్తొస్తుంది.

మీ అమ్మాయి చేయగలదా?

ఎందుకు చేయలేదు? ఎలక్ట్రానిక్స్‌లోనో, ఇన్‌స్ట్రుమెంటేషన్‌లోనో డిప్లొమా ఉంటే ఈ పనికి పునాది ఉన్నట్టే. మహిళా పాలిటెక్నిక్‌లు మనకి ఉండనే ఉన్నాయి. ఇలాంటి ప్రాజెక్టు ఉద్యోగాలు చాలావరకు కాంట్రాక్టువి, జీతం గొప్పగా ఉండదు, ఆ సంగతి ముందే తెలుసుకోవాలి. కాళ్లలో బలం కన్నా ఓపిక ముఖ్యం. ఒక్కసారికి ఒక్కటే మార్చడం, మార్చే ముందు రాయడం, మార్చాక మళ్లీ కొలవడం. ఈ మూడూ వస్తే పని వచ్చినట్టే.

ఇంట్లో పరికరాలకీ ఇదే సూత్రం

మనిళ్లలో ఇప్పుడు బీపీ మిషను, షుగరు మిషను మామూలైపోయాయి కదా! ఒకరోజు ఉన్నట్టుండి షుగరు ఎక్కువ చూపిస్తే కంగారుపడి మాత్రలు పెంచేయకండి, ‘మిషను పాడైంది’ అని పక్కన పడేయకండి కూడా. ముందు ఆ అంకె, తేదీ, వేళ ఒక పుస్తకంలో రాయండి. పండు తరిగిన చేత్తోనే పరీక్ష చేశారేమో చూసుకోండి, వేలికి అంటిన తీపి అంకెని పెంచేస్తుంది. సబ్బుతో కడుక్కుని, బాగా తుడుచుకుని మళ్లీ చేయండి. స్ట్రిప్పుల డబ్బా మూత సరిగ్గా పెట్టారా, గడువు తేదీ దాటిందా చూడండి. బీపీ మిషనైతే ఈసారి డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు వెంట తీసుకెళ్లి, అక్కడి దానితో పోల్చి చూడమని అడగండి. మనిషిలో తేడా ఉందా, మిషనులో తేడా ఉందా అన్నది అప్పుడు తేలుతుంది. మొదట వచ్చిన అంకెని మాత్రం కొట్టేయకండి. డాక్టరుగారికి అది కూడా చూపించండి.